ఏఐ కోడింగ్ అసిస్టెంట్ రూల్స్ ఎక్కడ పెట్టుకోవాలి? గ్లోబల్‌లోనా, ప్రాజెక్ట్‌లోనా?

మా టీమ్‌లో చెన్నై కుర్రాడొకడు కొత్తగా చేరాడు. మొదటిరోజే రెపో (ప్రాజెక్ట్ కోడ్ అంతా ఉండే గిట్ ఫోల్డర్) క్లోన్ చేసుకుని, క్లాడ్ కోడ్ (ఆంత్రోపిక్ వాళ్ళ ఏఐ కోడింగ్ అసిస్టెంట్) ఓపెన్ చేసి, పేమెంట్స్ మాడ్యూల్ ఎలా పనిచేస్తుందో చెప్పమని శుభ్రంగా ఇంగ్లీషులో అడిగాడు. అది అంతకంటే శుభ్రంగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. పాపం ఇంకోసారి అడిగాడు, మళ్ళీ తెలుగే. స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టి "ఇది కన్నడమా?" అని అడిగేసరికి అందరూ ఒకటే నవ్వు, నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే రెండు వారాల ముందు "నాకు ఏదైనా వివరించేటప్పుడు తెలుగులో చెప్పు, కోడ్ కామెంట్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచు" అని రాసుకుంది నేనే. రాసుకోవడంలో తప్పు లేదు, రాసిన చోటే తప్పు. నా హోమ్ ఫోల్డర్లో ఉండాల్సిన లైన్‌ని రెపోలో ఉన్న క్లాడ్ డాట్ ఎండీ ఫైల్లో (అసిస్టెంట్ ప్రతిసారీ ముందు చదివే ఇన్‌స్ట్రక్షన్స్ ఫైల్) రాసి, కమిట్ చేసి, పుష్ కూడా చేసేశా. రివ్యూ చేసినవాడు కూడా తెలుగోడే, వాడికి అందులో వింతేం కనపడలేదు.

అప్పట్నుంచి ఈ గ్లోబల్ (హోమ్ ఫోల్డర్లో పెట్టేది, నా అన్ని ప్రాజెక్టులకీ), ప్రాజెక్ట్ (రెపోలో పెట్టేది, టీమ్ అందరికీ) గొడవని కాస్త సీరియస్‌గా పట్టించుకుంటున్నా. చాలామంది ఏదో ఒకటే ఎంచుకుంటారు, అన్నీ హోమ్ ఫోల్డర్లో పడేసేవాళ్ళు కొందరు, అన్నీ రెపోలో కుక్కేసేవాళ్ళు కొందరు, రెండూ ఇబ్బందే.

ముందు ఎవరిది ఏంటో తేల్చుకోండి

టీ కొట్టుకెళ్ళి "చక్కెర తక్కువ" అంటాం చూడండి, అది మన అలవాటు, ఏ కొట్టుకెళ్ళినా మనతోపాటే వస్తుంది. "నేడు నగదు, రేపు అరువు" అని గోడకి బోర్డు ఉంటుంది, అది కొట్టుది, ఎవరొచ్చినా అంతే. నేను చేసిన పనేంటంటే నా చక్కెర తక్కువ సంగతిని తీసుకెళ్ళి బోర్డు మీద రాశా, ఇక వచ్చినోళ్ళందరికీ చప్పటి టీ.

ఇప్పుడు ఏ లైన్ రాయబోయినా నాకు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటా. రేపు ఈ ఉద్యోగం మానేసి ఇంకో కంపెనీకి పోతే ఈ లైన్ నాతో వస్తుందా? వస్తుందంటే గ్లోబల్. నేను పోయాక నా సీట్లో కూర్చునేవాడికి ఈ లైన్ కావాలా? కావాలంటే ప్రాజెక్ట్. రెండిటికీ అవునే అనిపిస్తే, ఉదాహరణకి "టెస్టులు రన్ చేసి పాస్ అయ్యాకే పని అయిపోయిందని చెప్పు" లాంటిది, ప్రాజెక్ట్‌లో పెట్టేయండి, పదిమందికి పనికొచ్చేదాన్ని మన దగ్గరే దాచుకోవడం ఎందుకు. రెండిటికీ కాదు అనిపించేవి కూడా ఉంటాయి. నా లాపీలో 5432 పోర్ట్ ఇంకేదో పట్టుకుని కూర్చుంది కాబట్టి పోస్ట్‌గ్రెస్ 5433లో నడుస్తుంది, ఇది వేరే రెపోకి అక్కర్లేదు, పక్క సీటువాడికీ అక్కర్లేదు. దీనికి మూడో చోటు ఉంది, కిందకి వచ్చాక చెప్తా, ఎందుకంటే జనం ఎక్కువ మర్చిపోయేది దాన్నే.

గిట్ లాగానే అనుకుంటే దెబ్బ తింటారు

గ్లోబల్, లోకల్ అనగానే మనకి గిట్ కాన్ఫిగ్ గుర్తొస్తుంది. హోమ్ ఫోల్డర్లో ఒక ఈమెయిల్, రెపోలో ఇంకో ఈమెయిల్ ఉంటే రెపోదే గెలుస్తుంది, అందులో డౌట్ లేదు. సెట్టింగ్స్ ఫైళ్ళు దాదాపు ఇలాగే పనిచేస్తాయి. కానీ ఇన్‌స్ట్రక్షన్స్ రాసే ఎండీ ఫైళ్ళ కథ వేరే. క్లాడ్ కోడ్‌లో అయితే గ్లోబల్‌ది, ప్రాజెక్ట్‌ది రెండూ చదివి, ఒకదాని కింద ఒకటి పేర్చి మోడల్ ముందు పెడుతుంది. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు. రెండూ ఎదురెదురుగా చెప్తే ఏది పాటిస్తుందో గ్యారంటీ లేదు. అమ్మ ఒకటి చెప్పి నాన్న ఇంకోటి చెప్తే పిల్లాడు ఆ పూటకి ఏది తోస్తే అది చేస్తాడే, అచ్చం అలాగే.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, నా సొంత ప్రాజెక్టులన్నీ పీఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజ్ మేనేజర్, ఎన్‌పీఎం లాంటిదే) మీద ఉంటాయి కాబట్టి గ్లోబల్ ఫైల్లో "జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో పీఎన్‌పీఎం వాడు" అని పెట్టుకున్నా. ఆఫీసు రెపో మాత్రం ఎన్‌పీఎం. ఆ రెపో ఫైల్లో ప్యాకేజ్ మేనేజర్ గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, లాక్ ఫైల్ (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైల్) కళ్ళెదురుగా ఉంది కదా ఇంక చెప్పేదేముంది అనుకున్నాం. ఒకరోజు ఏదో డేట్ లైబ్రరీ యాడ్ చెయ్యమంటే అది బుద్ధిగా నా మాట విని పీఎన్‌పీఎంతో ఇన్‌స్టాల్ చేసింది, కొత్త లాక్ ఫైల్ పుట్టింది, పాత ప్యాకేజ్ లాక్‌ని ముట్టుకోలేదు, నేను శుక్రవారం సాయంత్రం హడావుడిలో డిఫ్ పైపైన చూసి పంపించేశా. సీఐలో (పుష్ చేసిన కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి టెస్ట్ చేసే చోట) ఎన్‌పీఎం సీఐ కమాండ్ నడుస్తుంది, అది ప్యాకేజ్ డాట్ జేసన్‌కీ లాక్ ఫైల్‌కీ పొంతన లేకపోతే ముందుకి కదలదు. బిల్డ్ ఎర్రగా. అసిస్టెంట్‌ని తిట్టుకున్నా, తర్వాత చూస్తే అది చేసింది నేను చెప్పిందే.

దీన్నుంచి నాకు అర్థమైందేంటంటే గ్లోబల్ ఫైల్లో టూల్స్ పేర్లు రాకూడదు. అక్కడ ఉండాల్సింది మనకీ దానికీ మధ్య మాటతీరు, అంటే ఏ భాషలో చెప్పాలి, ఎంత పొడుగు చెప్పాలి, తెలియకపోతే ఊహించకుండా అడగమనాలి, అడక్కుండా కమిట్ చెయ్యొద్దనాలి, అంతవరకే. నా గ్లోబల్ ఫైల్ ఇప్పుడు 14 లైన్లు. ఒకప్పుడు 190 ఉండేది, అందులో రియాక్ట్ గురించి, డ్జాంగో గురించి, ఎప్పుడో వదిలేసిన ఫ్లట్టర్ యాప్ గురించి కూడా ఉండేది. ఆ ఫ్లట్టర్ లైన్లు ప్రతి పైథాన్ సెషన్‌లోకీ వచ్చి కూర్చునేవి, కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చదవగలిగే చోటు) తినేసేవి, ఎవరికి ఉపయోగం చెప్పండి.

ప్రాజెక్ట్ ఫైల్లో మాత్రం టూల్స్ పేర్లు ఉండి తీరాలి. ఏ కమాండ్‌తో టెస్ట్ చెయ్యాలి, ఒక్క టెస్ట్ ఫైల్ మాత్రమే రన్ చెయ్యాలంటే ఎలా, మైగ్రేషన్లు ఎక్కడ ఉంటాయి, ఏ ఫోల్డర్ జనరేటెడ్ కోడ్ కాబట్టి చేత్తో ముట్టుకోకూడదు, ఇలాంటివి. ముఖ్యంగా కోడ్ చూస్తే అర్థం కాని విషయాలు రాయాలి. "మేము టైప్‌స్క్రిప్ట్ వాడతాం" అని రాస్తారు చాలామంది, అది ఫైల్ ఎక్స్‌టెన్షన్ చూస్తే తెలియదా. "ఈ టేబుల్లో అమౌంట్ పైసల్లో ఉంటుంది, రూపాయల్లో కాదు" అన్నది రాయండి, అది బంగారం. సైజు విషయానికొస్తే ఒక క్లాడ్ డాట్ ఎండీ ఫైల్ 200 లైన్లు దాటకుండా చూసుకోమని ఆంత్రోపిక్ వాళ్ళే చెప్తారు, అంతకంటే పెరిగితే పాటించడం తగ్గుతుంది.

బతిమాలడం వేరు, తాళం వెయ్యడం వేరు

ఎండీ ఫైల్లో "ఎన్వ్ ఫైల్ (పాస్‌వర్డ్‌లు, కీలు ఉండే ఫైల్) చదవకు" అని రాస్తే అది ఒక విన్నపం. ఎక్కువసార్లు వింటుంది, ఎప్పుడో ఒకసారి వినదు. అదే సెట్టింగ్స్ డాట్ జేసన్‌లో డినై లిస్టులో పెడితే మోడల్ ఏమనుకున్నా టూలే ఆపుతుంది. కాబట్టి గ్లోబలా ప్రాజెక్టా అనే ప్రశ్నకంటే ముందు ఇది విన్నపమా తాళమా అన్నది తేల్చుకోవాలి. ప్రతిసారీ తప్పకుండా జరగాల్సిన పని, అంటే ఫైల్ ఎడిట్ చేశాక ఫార్మాటర్ రన్ అవ్వడం లాంటిది, ఎండీలో రాసి దండం పెట్టుకునేకంటే హుక్ (టూలే ప్రతిసారీ తనంతట తాను నడిపే కమాండ్) పెట్టడం మేలు.

క్లాడ్ కోడ్‌లో సెట్టింగ్స్ వరస ఇలా ఉంటుంది: కంపెనీ ఐటీ వాళ్ళు పెట్టిన మేనేజ్డ్ సెట్టింగ్స్ అన్నిటికంటే పైన, తర్వాత కమాండ్ లైన్‌లో మనం ఇచ్చినవి, తర్వాత ప్రాజెక్ట్ లోకల్ ఫైల్, తర్వాత టీమ్ అంతా పంచుకునే ప్రాజెక్ట్ ఫైల్, అట్టడుగున మన యూజర్ ఫైల్. అట్టడుగున ఉంది కదా అని యూజర్ ఫైల్‌ని తీసిపారేయొద్దు. పర్మిషన్ లిస్టులు మాత్రం ఒకదాన్ని ఒకటి చెరిపేయవు, కలిసిపోతాయి, కలిశాక డినై ముందు చూస్తుంది, తర్వాత ఆస్క్, చివర్న అలౌ. అంటే గ్లోబల్‌లో మీరు డినై అన్నదాన్ని ఏ రెపో అలౌ అన్నా చెల్లదు. చాలా పనికొచ్చే సంగతి ఇది.

అందుకే నేను డినైలన్నీ గ్లోబల్‌లో పెడతా, ఫోర్స్ పుష్, ఎన్వ్ ఫైళ్ళు, ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్. అలౌలన్నీ ప్రాజెక్ట్‌లో పెడతా, ఈ రెపోలో టెస్ట్ కమాండ్ అడక్కుండా రన్ చెయ్యొచ్చు, లింట్ చెయ్యొచ్చు, అంతే. ప్రతిసారీ పర్మిషన్ అడుగుతుందని విసుగొచ్చి గ్లోబల్‌లో బాష్ (టెర్మినల్ కమాండ్లు) మొత్తానికి అలౌ ఇచ్చేసేవాళ్ళని చూశా, ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. ఇంకోమాట, ఎన్వ్ ఫైల్‌కి రీడ్ డినై పెట్టాం కదా అని నిశ్చింతగా పడుకోవద్దు, అది ఒక పైథాన్ స్క్రిప్ట్ రాసి ఆ స్క్రిప్ట్ చేత ఫైల్ తెరిపిస్తే ఈ రూల్ ఆపలేదు, అక్కడ శాండ్‌బాక్స్ (ఏ ఫైళ్ళు ముట్టుకోవచ్చో ఆపరేటింగ్ సిస్టమే కట్టడి చేసే ఏర్పాటు) ఉండాలి.

ఎంసీపీ సర్వర్లు: ఇక్కడ మాత్రం నా మాట వినండి

ఖాళీ టైమ్‌లో బయటి పని చేస్తూ ఉంటా, ఒకప్పుడు ఇద్దరు క్లయింట్లు ఒకేసారి ఉండేవాళ్ళు. మొదటి క్లయింట్ స్టేజింగ్ డేటాబేస్‌కి ఎంసీపీ సర్వర్ (అసిస్టెంట్‌ని బయటి డేటాబేస్‌లకీ టూల్స్‌కీ కలిపే వారధి) పెట్టుకున్నా, రోజూ వాడేదే కదా అని యూజర్ స్కోప్‌లో పెట్టా, అంటే ఏ ఫోల్డర్లో ఓపెన్ చేసినా అది రెడీగా ఉంటుంది. ఒకరోజు రెండో క్లయింట్ రెపోలో కూర్చుని "యూజర్స్ టేబుల్లో ఏ కాలమ్స్ ఉన్నాయో చూడు" అన్నా. చూసింది, చెప్పింది. కాలమ్స్ పేర్లు ఎక్కడో చూసినట్టుందే అనుకునేసరికి చెమటలు పట్టాయి, అది మొదటి క్లయింట్ టేబుల్. రీడ్ ఓన్లీ యూజర్‌తో పెట్టుకున్నా కాబట్టి బతికిపోయా.

కాబట్టి డేటా ముట్టుకునే ఎంసీపీ ఏదైనా గ్లోబల్‌లో వద్దు. డాక్యుమెంటేషన్ వెతికేది, బ్రౌజర్ నడిపేది లాంటివి పెట్టుకోండి, పర్లేదు. అయినా సర్వర్లు పెరిగేకొద్దీ వాటి టూల్స్ వివరాలు కూడా కాంటెక్స్ట్‌లోకి ఎక్కుతాయి, కొన్ని అసిస్టెంట్లు ఇప్పుడు అవసరమైనప్పుడే తెచ్చుకుంటున్నాయి గానీ, వాడని సర్వర్ని ఉంచుకోవడం దేనికి.

క్లాడ్ కోడ్‌లో ఎంసీపీకి మూడు స్కోప్‌లు ఉంటాయి. యూజర్ అంటే అన్ని ప్రాజెక్టులకీ, ప్రాజెక్ట్ అంటే రెపో రూట్‌లో డాట్ ఎంసీపీ డాట్ జేసన్ ఫైల్, టీమ్ మొత్తానికి, లోకల్ అంటే ఈ ప్రాజెక్ట్‌లో నాకు మాత్రమే. ఏమీ చెప్పకుండా యాడ్ చేస్తే లోకల్‌కే వెళ్తుంది, మంచి డిఫాల్ట్ అది. టీమ్‌కి పంచే ఫైల్లో టోకెన్లు నేరుగా రాయొద్దు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు రాస్తే అదే విప్పుకుని తీసుకుంటుంది, ఎవరి టోకెన్ వాళ్ళ మెషీన్లోనే ఉంటుంది. టోకెన్ ఒకసారి గిట్ హిస్టరీలోకి పోయిందంటే తర్వాత డిలీట్ కమిట్ పెట్టినా లాభం లేదు, మార్చుకోవాల్సిందే.

ఆ మూడో చోటు

5433 పోర్ట్ సంగతి చెప్పా కదా. అలాంటివాటికి డాట్ క్లాడ్ ఫోల్డర్లో సెట్టింగ్స్ డాట్ లోకల్ డాట్ జేసన్ ఉంటుంది, ఇన్‌స్ట్రక్షన్స్‌కి క్లాడ్ డాట్ లోకల్ డాట్ ఎండీ ఉంటుంది. ఇవి గిట్‌లోకి పోకూడదు, గిట్ఇగ్నోర్‌లో ఉన్నాయో లేదో మీ కళ్ళతో ఒకసారి చూసుకోండి. ఒక చిక్కు ఉంది. గిట్ వర్క్‌ట్రీలు (ఒకే రెపోకి ఒకేసారి తెరిచిన వేరే వేరే ఫోల్డర్లు) వాడేవాళ్ళకి ఆ లోకల్ ఎండీ ఫైల్ ఒక వర్క్‌ట్రీలోనే ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. అందుకని నేను అసలు నోట్స్‌ని హోమ్ ఫోల్డర్లో ఒక ఫైల్లో పెట్టి, ప్రాజెక్ట్ ఫైల్లోంచి ఎట్ గుర్తు పెట్టి దాన్ని ఇంపోర్ట్ చేస్తా, అప్పుడు ఎన్ని వర్క్‌ట్రీలున్నా ఒకటే నోట్స్.

ఫ్రీలాన్సర్లకి ఇంకో కిటుకు. క్లాడ్ కోడ్ మనం ఉన్న ఫోల్డర్ నుంచి పైకి ఎక్కుతూ దారిలో కనపడ్డ క్లాడ్ డాట్ ఎండీలన్నీ చదువుతుంది. అంటే ఒక క్లయింట్ రెపోలన్నీ ఒకే ఫోల్డర్ కింద పెట్టి, ఆ ఫోల్డర్లో ఒక ఫైల్ పెడితే అది ఆ క్లయింట్‌కి చెందిన అన్ని రెపోలకీ వర్తిస్తుంది, ఏ రెపోలోనూ కమిట్ అవ్వదు. గిట్‌లో 2017లో 2.13 వెర్షన్‌తో వచ్చిన ఇన్‌క్లూడ్ఇఫ్ వాడి క్లయింట్‌కో ఈమెయిల్ పెట్టుకునేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కోడెక్స్‌లో (ఓపెన్‌ఏఐ వాళ్ళ కోడింగ్ అసిస్టెంట్) ఈ కిటుకు పారదు, అది రెపో రూట్ నుంచి కిందకే చూస్తుంది, పైకి పోదు. ఆఫీసునీ సొంత పనినీ పూర్తిగా విడగొట్టాలనుకుంటే హోమ్ కాన్ఫిగ్ ఫోల్డర్నే మార్చేసుకోవచ్చు, క్లాడ్ కోడ్‌కి క్లాడ్ కాన్ఫిగ్ డిర్, కోడెక్స్‌కి కోడెక్స్ హోమ్ అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉన్నాయి, పెద్దక్షరాల్లో రాసి మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టండి.

ఏ టూల్‌లో ఎవరి మాట నెగ్గుతుంది

ఇక్కడ ఒక తమాషా ఉంది. కర్సర్ అనే ఏఐ ఎడిటర్‌లో టీమ్ రూల్స్, తర్వాత ప్రాజెక్ట్ రూల్స్, చివర్న యూజర్ రూల్స్, అంటే గొడవొస్తే మనిషి ఓడిపోతాడు. గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో కోపైలట్ చాట్ దగ్గరికొస్తే సరిగ్గా తిరగేసి ఉంటుంది, పర్సనల్ ఇన్‌స్ట్రక్షన్స్‌కి ఎక్కువ ప్రాధాన్యం, తర్వాత రెపోది, చివర్న ఆర్గనైజేషన్‌ది. ఒకే మాటని రెండిట్లో పెట్టుకుని ఒకేలా నడుస్తాయనుకుంటే అంతే సంగతులు.

కర్సర్‌లో నాకు నచ్చింది ప్రాజెక్ట్ రూల్స్ పద్ధతి. డాట్ కర్సర్ ఫోల్డర్లో రూల్స్ అని ఇంకో ఫోల్డర్, అందులో ఒక్కో రూల్‌కి ఒక్కో ఎండీసీ ఫైల్. ఎప్పుడూ లోడ్ అవ్వాలా, ఫలానా ఫైళ్ళు ముట్టుకున్నప్పుడే రావాలా, అవసరమనిపిస్తే మోడలే తెచ్చుకోవాలా, లేక మనం పేరు పెట్టి పిలిస్తేనే రావాలా, అన్నీ చెప్పొచ్చు. మైగ్రేషన్ రూల్స్ మైగ్రేషన్ ఫైళ్ళ దగ్గరే వస్తాయన్నమాట. యూజర్ రూల్స్ మాత్రం ఫైల్ కాదు, యాప్ సెట్టింగ్స్‌లో టైప్ చెయ్యాలి, డాట్‌ఫైల్స్ రెపోలో దాచుకునే నాలాంటోళ్ళకి అది కాస్త చిరాకు. పాత డాట్ కర్సర్‌రూల్స్ ఒక్క ఫైలే ఇంకా మీ రెపోలో ఉంటే కొత్త పద్ధతికి మార్చేయండి.

కోపైలట్‌లో రెపో మాట డాట్ గిట్‌హబ్ ఫోల్డర్లో కోపైలట్ ఇన్‌స్ట్రక్షన్స్ అనే ఎండీ ఫైల్లో ఉంటుంది, ఫలానా ఫోల్డర్‌కే వర్తించాలంటే ఇన్‌స్ట్రక్షన్స్ ఫోల్డర్లో వేరే ఫైళ్ళు పెట్టి పైన అప్లైటు అని పాత్ రాయాలి. జెమినై సీఎల్ఐలో హోమ్‌లో ఒక జెమినై డాట్ ఎండీ, ప్రాజెక్ట్‌లో ఒకటి, సెట్టింగ్స్‌లో ప్రాజెక్ట్‌దే పైచేయి. కోడెక్స్‌లో హోమ్‌లోనూ రెపోలోనూ ఏజెంట్స్ డాట్ ఎండీ, కాకపోతే రెపో ఫైళ్ళన్నీ కలిపి డిఫాల్ట్‌గా 32 కేబీ దాటితే మిగతాది చదవదు, మోనోరెపో (అన్ని సర్వీసులూ ఒకే రెపోలో ఉంచే పద్ధతి) వాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

టీమ్‌లో ఒకడు కర్సర్, ఒకడు కోడెక్స్, ఒకడు క్లాడ్ కోడ్ అయితే? మా పరిస్థితి అదే. ప్రాజెక్ట్ సంగతులన్నీ ఏజెంట్స్ డాట్ ఎండీలో రాయండి. చాలా టూల్స్ దాన్ని నేరుగా చదువుతాయి, 2025 డిసెంబర్‌లో ఓపెన్‌ఏఐ దాన్ని లైనక్స్ ఫౌండేషన్ కింద పెట్టిన ఏజెంటిక్ ఏఐ ఫౌండేషన్‌కి అప్పగించింది కూడా, కాబట్టి రేపో మాపో మాయమయ్యే ఫార్మాట్ కాదు. క్లాడ్ కోడ్ కోసం క్లాడ్ డాట్ ఎండీలో ఒకే ఒక్క లైన్, ఏజెంట్స్ డాట్ ఎండీని ఇంపోర్ట్ చేసే లైన్. సిమ్‌లింక్ (ఒక ఫైల్‌కి ఇంకో పేరుతో దారి) కూడా పెట్టొచ్చు గానీ టీమ్‌లో విండోస్ వాళ్ళుంటే వాళ్ళకి అడ్మిన్ పర్మిషన్ గోల, అందుకే మేము ఇంపోర్ట్‌కే ఫిక్స్ అయ్యాం. అదే కంటెంట్‌ని మూడు ఫైళ్ళలో కాపీ చేసి మాత్రం ఉంచొద్దు, నెల తిరక్కుండా మూడూ మూడు రకాలుగా చెప్తాయి.

ఎవరికి ఏది

ఒక్కరే పనిచేస్తూ, అన్ని ప్రాజెక్టులూ ఒకే స్టాక్ అయితే గ్లోబల్‌వైపు మొగ్గినా పర్లేదు, నేను చెప్పిన టూల్స్ పేర్ల రూల్ మీకు అంత కఠినంగా అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు దాటిన టీమ్ అయితే ప్రాజెక్ట్‌వైపే, ఆ ఫైల్‌కి మార్పు అంటే కోడ్ మార్పుతో సమానం, రివ్యూ లేకుండా మెర్జ్ అవ్వకూడదు. మోనోరెపో అయితే రూట్‌లో చిన్న ఫైల్, ఒక్కో సర్వీస్ ఫోల్డర్లో దాని ఫైల్. క్లాడ్ కోడ్‌ని రూట్‌లో ఓపెన్ చేస్తే ఆ లోపలి ఫైళ్ళు మొదట్లోనే రావు, ఆ ఫోల్డర్లో ఫైళ్ళు చదివినప్పుడే వస్తాయి, కాబట్టి రూట్ ఫైల్ ఉబ్బదు.

ఓపెన్ సోర్స్ రెపో నడిపేవాళ్ళు పర్మిషన్లు, హుక్స్ కమిట్ చెయ్యడం గురించి రెండుసార్లు ఆలోచించండి, మీ రెపో క్లోన్ చేసినవాడి మెషీన్లో ఏం నడవాలో మీరు చెప్తున్నారు. సర్వీస్ కంపెనీల్లో క్లయింట్ మెషీన్ మీద పనిచేసేవాళ్ళకి ఎంచుకునే అవకాశమే తక్కువ, మేనేజ్డ్ సెట్టింగ్స్‌తో పైనుంచే బిగించేసి ఉంటారు, మీరు పెట్టింది ఎందుకు పనిచెయ్యట్లేదో తెలియక గంటలు పోగొట్టుకునే ముందు ఐటీ వాళ్ళని అడగండి.

వేరేవాళ్ళ రెపో క్లోన్ చేసినప్పుడు

ప్రాజెక్ట్ కాన్ఫిగ్ అంటే ఎవరో రాసిన మాటలు మన అసిస్టెంట్ చెవిలో పడటమే. 2025 మార్చిలో పిల్లర్ సెక్యూరిటీ అనే సంస్థ చూపించిందేంటంటే, కర్సర్, కోపైలట్ రూల్స్ ఫైళ్ళలో కంటికి కనపడని యూనికోడ్ అక్షరాల్లో ఆదేశాలు దాచి, అసిస్టెంట్ చేత చెడ్డ కోడ్ రాయించొచ్చని. మనం డిఫ్ చూస్తే ఏమీ కనపడదు, మోడల్‌కి మాత్రం కనపడుతుంది. అదే ఏడాది ఆగస్టులో చెక్ పాయింట్ వాళ్ళు కర్సర్‌లో ఇంకోటి బయటపెట్టారు. ప్రాజెక్ట్‌లో ఉన్న ఎంసీపీ కాన్ఫిగ్‌ని మనం ఒకసారి ఒప్పుకుంటే చాలు, తర్వాత ఎవరైనా అందులో కమాండ్ మార్చేసినా మళ్ళీ అడగదు, నేరుగా నడిపేస్తుంది. 1.3 వెర్షన్‌లో సరిచేశారు. అందుకే తెలియని రెపోని మొదటిసారి తెరిచినప్పుడు ట్రస్ట్ చేస్తారా అని అడిగితే చదవకుండా ఎస్ కొట్టకండి, ముందు ఆ డాట్ ఫోల్డర్లు తెరిచి చూడండి, రెండు నిమిషాల పని. నా డినైలు గ్లోబల్‌లో ఎందుకు ఉంటాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇప్పటికే కలగాపులగం అయిపోయి ఉంటే

ఒక్కసారిగా కూర్చుని అన్నీ సర్దాలని చూడకండి, విసుగొచ్చి వదిలేస్తారు. క్లాడ్ కోడ్‌లో స్లాష్ మెమరీ కొడితే ఏయే ఎండీ ఫైళ్ళు లోడ్ అయ్యాయో చూపిస్తుంది, స్లాష్ కాంటెక్స్ట్ కొడితే ఏది ఎంత చోటు తింటుందో చూపిస్తుంది, అక్కడ మొదలుపెట్టండి. నేను చేసిందేంటంటే గ్లోబల్ ఫైల్‌ని వేరే పేరుతో పక్కన పెట్టేసి, ఖాళీ ఫైల్‌తో వారం పనిచేశా. ఏదైనా నిజంగా లేక ఇబ్బంది అనిపిస్తే అప్పుడు ఆ ఒక్క లైన్ వెనక్కి తెచ్చుకున్నా, అది తెచ్చుకునేటప్పుడే నాదా రెపోదా అని చూసుకున్నా. 190లో 14 వెనక్కొచ్చాయి, ఓ పది పన్నెండు రకరకాల రెపోల్లోకి వెళ్ళాయి, మిగతావాటి గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, నాతో సహా.

స్లాష్ కమాండ్లు, స్కిల్స్ (అసిస్టెంట్ కోసం ముందే రాసిపెట్టుకునే పనులు) గురించి వేరే చెప్పేదేం లేదు, వాటికీ హోమ్‌లో ఒక ఫోల్డర్, ప్రాజెక్ట్‌లో ఒక ఫోల్డర్, పైన చెప్పిన రెండు ప్రశ్నలే. మా రిలీజ్ నోట్స్ రాసే కమాండ్ చాలాకాలం నా హోమ్ ఫోల్డర్లోనే ఉండిపోయింది, నేను సంక్రాంతికి ఊరెళ్ళిన వారం రిలీజ్ ఉంటే అది ఎలా చేస్తున్నావని కోడిపందాల మధ్యలో ఫోన్ వచ్చింది, ఆ రోజే ఫోన్‌లోంచే రెపోలోకి పంపించేశా.

తెలుగు లైన్ ఇప్పుడు నా హోమ్ ఫోల్డర్లోనే ఉంది, మొదటి లైన్ అదే. చెన్నై కుర్రాడికి కూడా ఈ తేడా అంతా కూర్చోబెట్టి చెప్పా. మొన్న ఏదో బగ్ చూపించడానికి స్క్రీన్ షేర్ చేశాడు, టెర్మినల్‌లో అసిస్టెంట్ చకచకా ఏదో వివరిస్తుంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, తమిళం.